బోర్డు మొత్తాన్ని సాల్వర్‌కి ఇవ్వకండి, ముందు ఎక్కడ కోయాలో చూడండి

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇదీ. 16 లేయర్ల సర్వర్ బోర్డు, దాని మీద పీసీఐఈ జెన్ 5 లింకు (ప్రాసెసర్‌ని కార్డులతో కలిపే వేగమైన లింకు), ప్రాసెసర్ నుంచి కనెక్టర్ దాకా సుమారు 12 అంగుళాల ట్రేసులు (బోర్డులోని సన్నని రాగి లైన్లు). లేఅవుట్‌ని ఉన్నదున్నట్టుగా త్రీడీ సాల్వర్‌లోకి (విద్యుదయస్కాంత ఫీల్డుల్ని లెక్కకట్టే సాఫ్ట్‌వేర్‌లోకి) తెచ్చుకుని, 16 లేన్లకూ పోర్టులు (సిగ్నల్ లోపలికీ బయటికీ వెళ్లే చోట్లు) పెట్టి రన్ కొట్టారు. 256 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్ మూడు రోజులు తిరిగి, నాలుగో అడాప్టివ్ పాస్ (సాల్వర్ తన లెక్కని మెరుగుపరుచుకునే ఒక్కో విడత) మధ్యలో మెమరీ చాలక ఆగిపోయింది. ఇప్పుడు 1 టీబీ మెషీన్ కొనిపించాలా, జీపీయూ వేయించాలా, సెట్టింగుల్లో ఏమైనా మార్చాలా అని అడుగుతున్నారు.

ఆ మూడూ తర్వాత. మీ బోర్డును అసలు ఒకే మోడల్‌గా చేయాల్సిన అవసరం లేదు. ముక్కలుగా కోసి, ముఖ్యమైన ముక్కల్ని మాత్రమే త్రీడీలో చేసి, మిగతాది టూడీలో చేసి, ఎస్ పారామీటర్లుగా (ఒక్కో ఫ్రీక్వెన్సీలో సిగ్నల్ ఎంత దాటింది, ఎంత వెనక్కొచ్చింది అని చెప్పే పట్టికలుగా) అతికించండి. మీ మూడు రోజుల పని ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. ఈ మాట మీరు వినే ఉంటారు. ఎక్కడ కోయొచ్చు, ఎక్కడ కోయకూడదు అన్నది మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పరు, అందుకే చాలామంది ఒకసారి కోసి చూసి, తప్పు జవాబు వచ్చి, భయపడి మళ్లీ మొత్తం బోర్డు దగ్గరికే వెళ్లిపోతారు. నేనూ మొదట్లో అలాగే చేశాను. కాబట్టి ఆ భాగమే కాస్త వివరంగా రాస్తాను.

ముందు మీ మెషీన్ ఎందుకు చచ్చిపోయిందో లెక్క వేసి చూద్దాం. జెన్ 5 అంటే సెకనుకి 32 గిగాట్రాన్స్‌ఫర్లు, నైక్విస్ట్ (అందులో సగం, సిగ్నల్ ముఖ్య ఫ్రీక్వెన్సీ) 16 గిగాహెర్ట్జ్. డీకే (డైఎలెక్ట్రిక్ స్థిరాంకం) 3.6 ఉన్న మెటీరియల్‌లో 16 గిగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం దాదాపు 10 మి.మీ. దాంట్లో పదో వంతు చొప్పున మెష్ (మోడల్‌ని చిన్న ఎలిమెంట్లుగా విడగొట్టే వల) వేసినా ఒక్కో ఎలిమెంట్ 1 మి.మీ. ఉంటే చాలు, అలాగైతే ఈ బోర్డు ఏ ల్యాప్‌టాప్ మీదైనా తిరగాలి. కానీ మీ ట్రేసు వెడల్పు 0.1 మి.మీ., డైఎలెక్ట్రిక్ మందం కూడా ఇంచుమించు అంతే, వయాల (సిగ్నల్‌ని ఒక లేయర్ నుంచి ఇంకో లేయర్‌కి దించే రాగి పూత రంధ్రాల) డ్రిల్లు 0.2 మి.మీ., యాంటీప్యాడ్ (వయా చుట్టూ రాగి ప్లేన్‌లో వదిలే ఖాళీ) అంచుకీ ట్రేసుకీ మధ్య సందు ఇంకా తక్కువ. మెష్‌ని పెంచేది ఫ్రీక్వెన్సీ కాదు, ఈ చిన్న చిన్న ఆకారాలు. 12 అంగుళాలంటే 305 మి.మీ., అంటే 0.1 మి.మీ. వెడల్పున్న ట్రేసు తన వెడల్పుకి మూడు వేల రెట్ల పొడవుంది. ఆ పొడవునా అడ్డకోత ఎక్కడ కోసినా ఒకటే, ఫీల్డు ఆకారమూ ఒకటే, అయినా సాల్వర్ పాపం ప్రతి అర మిల్లీమీటర్‌కీ దాన్ని మళ్లీ కొత్తగా కనుక్కుంటూ పోతోంది. మీ ర్యామ్‌లో సింహభాగం తిన్నది ఇదే. అదే అడ్డకోతని టూడీ ఫీల్డ్ సాల్వర్‌కి ఇస్తే కొన్ని సెకన్లలో ఇంపిడెన్స్ (సిగ్నల్‌కి లైను చూపే అడ్డు), లాస్, డిలే అన్నీ చెప్పేస్తుంది. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

త్రీడీ నిజంగా కావాల్సినవి మీ ఛానెల్‌లో మూడే: ప్రాసెసర్ కింద బీజీఏ (సోల్డర్ బంతుల అమరిక) నుంచి లోపలి లేయర్‌లోకి దిగే వయాలు, ఏసీ కపాసిటర్ల ప్యాడ్లూ వాటి పక్క వయాలూ, చివర కనెక్టర్ ఫుట్‌ప్రింట్ (బోర్డు మీద అది కూర్చునే చోటు). ఒక్కోటి 5, 6 మి.మీ. ముక్క. పైగా 16 లేన్లు ఉన్నా వయా ఆకారాలు రెండో మూడో రకాలే ఉంటాయి, మిగతావన్నీ వాటి కాపీలే.

ఇప్పుడు అసలు సంగతి, ఎక్కడ కోయాలి. వయా దగ్గర ఫీల్డు చిందరవందరగా ఉంటుంది. అక్కడి నుంచి ట్రేసు వెంట దూరం జరిగేకొద్దీ ఆ చిందరవందర తగ్గిపోయి మామూలు ట్రేసు ఫీల్డు మాత్రమే మిగులుతుంది. ఎంత దూరంలో? రెండు గ్రౌండ్ ప్లేన్ల (బోర్డంతా పరిచిన రాగి పొరల) మధ్య నడిచే ట్రేసు, అంటే స్ట్రిప్‌లైన్ అయితే, ప్లేన్ల మధ్య దూరం ఎంతో అంత జరిగితే చాలు, ఆ అదనపు మోడ్‌లు (ఫీల్డు ఆకారాలు) దాదాపు 4 శాతానికి పడిపోతాయి. అలాంటి మూడు దూరాలు జరిగితే లెక్కలోకి రానంత చిన్నవైపోతాయి. ప్లేన్ల మధ్య 0.25 మి.మీ. ఉంటే యాంటీప్యాడ్ అంచు దాటాక 0.75 మి.మీ. నేను ధైర్యం కోసం 1 మి.మీ. వదులుతాను. అక్కడ ట్రేసు నేరుగా, ఒకే వెడల్పుతో ఉండాలి, పైనా కిందా ప్లేన్ తెగకుండా ఉండాలి, పోర్టు పెట్టే చోట వంపు ఉండకూడదు. ఈ షరతులు పాటిస్తే ఈ వైపు కోత గురించి టెన్షన్ అక్కర్లేదు.

కానీ ఇంకో రకం ఫీల్డు ఉంది, అది తగ్గదు. సిగ్నల్ వయా రెండు ప్లేన్లను దాటుకుంటూ దిగేటప్పుడు రిటర్న్ కరెంట్ (సిగ్నల్‌కి తిరుగుదారిగా ప్లేన్ మీద నడిచే కరెంట్) కూడా ఒక ప్లేన్ నుంచి ఇంకో ప్లేన్‌కి దూకాలి. పక్కనే గ్రౌండ్ వయా ఉంటే దాని గుండా దిగిపోతుంది. లేకపోతే రెండు ప్లేన్ల మధ్య ఖాళీలో అల లేస్తుంది. చెరువులో రాయి వేస్తే అల ఎలా గట్టు దాకా పోయి తిరిగొస్తుందో అచ్చం అలాగే ఈ అల బోర్డు అంచుల దాకా పోయి తిరిగొస్తుంది. దారిలో ఇంకో నెట్ (వేరే సిగ్నల్ లైను) వయా తగిలితే దాంట్లోకీ ఎక్కుతుంది. ఇలాంటి వయాని మీరు 6 మి.మీ. ముక్కలో కోసి పెడితే, ఆ అలకు మీరు కోసిన అంచే గట్టు అవుతుంది. సాల్వర్ చెప్పేది మీ బోర్డు గురించి కాదు, మీ కత్తెర గురించి.

ఇది నాకు ఎలా తెలిసిందో చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక డీడీఆర్5 (మెమరీ) బోర్డులో ఒక డేటా లైను వయాని 10 మి.మీ. చదరంగా కోసి చేశాను. ప్లేన్లు కూడా అక్కడికే ఆగిపోయాయి, చుట్టూ గాలి. ఇన్సర్షన్ లాస్ (దారిలో సిగ్నల్ ఎంత తగ్గిందో చూపే) గ్రాఫులో 8 గిగాహెర్ట్జ్‌కి కాస్త ముందు ఓ లోతైన గుంట. ఆ లైను 4800 మెగాట్రాన్స్‌ఫర్ల స్పీడు, నైక్విస్ట్ 2.4 గిగాహెర్ట్జ్, మూడో హార్మోనిక్ 7.2, అంటే గుంట సరిగ్గా పక్కనే. రెండు రోజులు యాంటీప్యాడ్ మార్చాను, ప్యాడ్ సైజు మార్చాను, స్టబ్ (వయాలో సిగ్నల్ వాడని మిగులు ముక్క) తీసేశాను. గుంట అంగుళం కదల్లేదు. చివరికి వేరే పని మీద పక్క వయాని కూడా మోడల్‌లోకి తేవాలని బాక్సుని (కోసిన ముక్కని) 14 మి.మీ. చేశాను. గుంట 5.6 దగ్గరికి వచ్చేసింది! అప్పుడు కాగితం మీద లెక్క వేశాను. 300ని (మి.మీ., గిగాహెర్ట్జ్ లెక్కలో కాంతి వేగం) బాక్సు పొడవుకి రెండింతలతో భాగించి, దాన్ని డీకే వర్గమూలంతో భాగిస్తే 10 మి.మీ.కి 7.9, 14 మి.మీ.కి 5.6. ఆ గుంట బోర్డులో లేదు. నేను కోసిన ప్లేన్ ముక్క గంటలా మోగుతోంది, అంతే. ఆ వయాకి దగ్గర్లో గ్రౌండ్ వయా ఒక్కటి కూడా లేదని అప్పుడు చూశాను. రెండు గ్రౌండ్ వయాలు పక్కన పెట్టగానే గుంట మాయమైంది, ఆపైన బాక్సు 10 పెట్టినా 14 పెట్టినా గ్రాఫులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

అప్పటి నుంచి నా పద్ధతి ఒకటే. ఏ ముక్క చేసినా బాక్సుని రెండు సైజుల్లో రన్ చేస్తాను. జవాబు మారకపోతే కోత సరైంది. మారితే సాల్వర్ మీద కోపం తెచ్చుకోను, లేఅవుట్ తెరిచి రిటర్న్ కరెంట్ ఎటు పోతోందో వెతుకుతాను. ముక్కలుగా సిమ్యులేట్ చేయడానికి లొంగని వయా అంటే చాలాసార్లు డిజైనే బాగోలేదని అర్థం, అది నిజమైన బోర్డులో కూడా దూరంగా ఉన్న వాటితో మాట్లాడుతుంది. అలాంటి దాన్ని పెద్ద మెషీన్ మీద మొత్తం బోర్డుగా చేసి కచ్చితమైన జవాబు తెచ్చుకునే కంటే, రెండు గ్రౌండ్ వయాలు జోడించి సమస్యనే తీసేయడం మేలు. డిఫరెన్షియల్ పెయిర్ (ఒకే సిగ్నల్‌ని ఎదురెదురుగా మోసే పీ, ఎన్ అనే రెండు లైన్ల జత) కాబట్టి మాకు పర్లేదు అనుకోకండి. పీ, ఎన్ రెండూ పూర్తిగా సిమెట్రీగా ఉంటే అలలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి, నిజమే, కానీ గ్రౌండ్ వయా ఒక పక్కే ఉండి రెండో పక్క లేకపోతే కామన్ మోడ్ (రెండు లైన్లలోనూ ఒకేలా నడిచే సిగ్నల్) పుడుతుంది, దానికి రిటర్న్ దారి కావాలి.

డీడీఆర్ లాంటి సింగిల్ ఎండెడ్ (ఒక్కో సిగ్నల్‌కి ఒక్కటే లైను ఉండే) బస్సుల్లో, పవర్ ప్లేన్‌ని రిఫరెన్స్‌గా వాడక తప్పని చోట, ఈ కోత పద్ధతిని బలవంతంగా రుద్దకండి. అక్కడ ఎస్ఐవేవ్, పవర్ఎస్ఐ లాంటి హైబ్రిడ్ సాల్వర్లు వాడండి, అవి ప్లేన్ల మధ్య అలని టూడీగా చూస్తాయి కాబట్టి మొత్తం బోర్డుని కూడా తేలిగ్గా మోస్తాయి. వయా చుట్టూ ఉన్న సూక్ష్మాలు వాటికి అంతగా తెలియవు, ఎక్కువ ఫ్రీక్వెన్సీలో వాటిని నమ్మను. మీ జెన్ 5 పని మాత్రం త్రీడీ ముక్కలే.

ముక్క చిన్నదైనా మోడల్ శుభ్రంగా లేకపోతే అదీ రోజంతా తిరుగుతుంది. మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఒకసారి 6 మి.మీ. వయా మోడల్‌కి ఎలిమెంట్లు లక్షల్లో వస్తున్నాయని తెచ్చింది. సెట్టింగులు ఏవీ ముట్టుకోకుండా మెష్‌ని తెర మీద గీయించి చూశాం. సిగ్నల్ వయా చుట్టూ మామూలుగానే ఉంది. ఓ మూల, సిగ్నల్‌కి ఏమాత్రం సంబంధం లేని చోట, నల్లగా ముద్దలా కనబడింది. జూమ్ చేస్తూ పోతే, కాపర్ పోర్ (ఖాళీలో నింపిన రాగి) అంచుకీ ఓ టియర్‌డ్రాప్‌కీ (ట్రేసు ప్యాడ్‌ని కలిసే చోట వెడల్పు చేసిన రాగి) మధ్య రెండు మైక్రాన్ల సందు. లేఅవుట్ టూల్ రౌండింగ్‌లో పుట్టిన సందు అది, ఫ్యాబ్‌లో (బోర్డు తయారు చేసే చోట) అలాంటిది ఉండనే ఉండదు. ఆ రెండు ఆకారాల్నీ కలిపేశాం, ఎలిమెంట్లు ఒక్కసారిగా తగ్గిపోయాయి. అందుకే నేను అందరికీ చెప్పేది, రన్ నెమ్మదిగా ఉంటే ముందు మెష్ బొమ్మ చూడండి. ఎలిమెంట్లు ఎక్కడ గుమిగూడాయో అక్కడే మీ టైము పోతోంది.

అలాగే వయా బ్యారెల్‌ని నున్నటి గుండ్రంగా ఉంచకండి, 8 లేదా 12 ముఖాలు చాలు. గుండ్రం లోపల పట్టే బహుభుజి తీసుకుంటే వైశాల్యం తగ్గుతుంది కాబట్టి వ్యాసార్థం ఓ రవ్వ పెంచి వైశాల్యం సమానం చేసుకోండి. సిల్క్‌స్క్రీన్, సంబంధం లేని నెట్లు, దూరపు థర్మల్ రిలీఫ్‌లు అన్నీ తీసేయండి. సోల్డర్ మాస్క్ మాత్రం పై లేయర్ ట్రేసు ఉంటే ఉంచండి, అది ఇంపిడెన్స్ మారుస్తుంది. రాగి లోపల మెష్ వేయించకండి. 16 గిగాహెర్ట్జ్‌లో స్కిన్ డెప్త్ (కరెంట్ రాగి పైపొరలో దిగే లోతు) అర మైక్రాన్ మాత్రమే, 17 మైక్రాన్ల రాగి లోపల అంత సన్నని మెష్ వేస్తే ఏ మెషీనూ మోయలేదు, సర్ఫేస్ ఇంపిడెన్స్ బౌండరీ (రాగి లోపలికి వెళ్లకుండా దాని ఉపరితలం మీదే లాస్ లెక్కకట్టే పద్ధతి) ఉన్నది అందుకే. రాగి గరుకుదనం కూడా అంతే, హ్యూరే మోడల్‌ని (గరుకు వల్ల పెరిగే లాస్‌ని లెక్కకట్టే సూత్రాన్ని) బౌండరీలో ఇవ్వాలి కానీ ఆకారంగా గీయకూడదు.

సెట్టింగుల గురించి అడిగారు. మీరు 16 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కి 67 దాకా స్వీప్ (జవాబు లెక్కకట్టే ఫ్రీక్వెన్సీల పరిధి) పెట్టారు, అడాప్టివ్ మెష్ కూడా 67 దగ్గరే చేశారు. దేనికి? 32 దాకా చాలు. డెల్టా ఎస్ (ఒక పాస్ నుంచి ఇంకో పాస్‌కి జవాబు ఎంత మారితే చాలనేది) డిఫాల్ట్ 0.02 ఉంటుంది, పెద్ద మోడల్‌కి నేను దాన్ని మార్చను, చిన్న వయా ముక్కలకి 0.01 పెట్టి, వరుసగా రెండు పాస్‌లు నిలబడాలని అడుగుతాను, ఎలాగూ నిమిషాల పనే. స్వీప్ ఇంటర్‌పొలేటింగ్ (కొన్ని పాయింట్లే లెక్కకట్టి మధ్యవి అంచనా వేసేది) వాడండి, డిస్క్రీట్ (ప్రతి పాయింటూ విడిగా లెక్కకట్టేది) వద్దు. ఇక్కడ కూడా ముక్కలు చేయడం వల్ల ఇంకో లాభం ఉంది. 12 అంగుళాల ట్రేసు డిలే దాదాపు 1.9 నానోసెకన్లు, కాబట్టి దాని ఫేజు ప్రతి అర గిగాహెర్ట్జ్‌కీ ఓ పూర్తి చుట్టు తిరుగుతుంది, ఆ మెలికలన్నీ పట్టుకోవడానికి సాల్వర్ బోలెడు ఫ్రీక్వెన్సీ పాయింట్లు విడివిడిగా చేయాలి. 4 మి.మీ. ముక్క డిలే 25 పికోసెకన్లు, గ్రాఫు నున్నగా ఉంటుంది, కొద్ది పాయింట్లతోనే ఇంటర్‌పొలేషన్ కుదిరిపోతుంది. ముక్క చేయడం వల్ల మెష్ తగ్గడమే కాదు, పాయింట్లూ తగ్గుతాయి. ఆ రెండూ ఒకదానితో ఒకటి గుణించుకుంటాయి.

కాగితం లెక్క కూడా మానకండి. మీ బోర్డులో వయా స్టబ్ 2 మి.మీ. అనుకుందాం. 300ని 4 రెట్ల స్టబ్ పొడవుతో, డీకే వర్గమూలంతో భాగిస్తే 19.8 గిగాహెర్ట్జ్. ప్యాడ్‌ల కపాసిటెన్స్ వల్ల నిజంగా వచ్చేది దానికంటే కిందే, అంటే మీ 16కి దగ్గరగా. దీనికి మూడు రోజుల రన్ ఎందుకు, బ్యాక్‌డ్రిల్ (స్టబ్‌ని వెనక నుంచి తొలిచి తీసేయడం) చేయాల్సిందేనని అర నిమిషంలో తెలిసిపోయింది. బ్యాక్‌డ్రిల్ తర్వాతి ఆకారాన్నే మోడల్ చేయండి, వదిలేసే మిగులు స్టబ్ ఎంతో మీ ఫ్యాబ్ వాళ్లని అడిగి అదే పెట్టండి.

అతికించేటప్పుడు జరిగే తప్పులు రెండే, కానీ అందరూ చేస్తారు. ఒకటి, పోర్టుల వరుస. ఒక ఫైల్లో 1 నుంచి 2కి లైను, ఇంకో ఫైల్లో 1 నుంచి 3కి. కలిపితే ఛానెల్ తెగిపోయినట్టో, మెలిపడినట్టో వస్తుంది. ప్రతి ఫైలుకీ టీడీఆర్ (దారి పొడవునా ఇంపిడెన్స్ చూపే గ్రాఫు) గీసి చూస్తే వెంటనే బయటపడుతుంది. రెండోది, పోర్టు ఇంపిడెన్స్. వేవ్ పోర్టు తన లైను ఇంపిడెన్స్‌తో, టూడీ ట్రేసు 50 ఓమ్‌లతో, కపాసిటర్ మోడల్ ఇంకోదానితో ఉంటే అతుకుల దగ్గర లేని రిఫ్లెక్షన్లు పుడతాయి. అన్నిటినీ ఒకే రిఫరెన్స్ ఇంపిడెన్స్‌కి రీనార్మలైజ్ చేశాకే (మార్చుకున్నాకే) కలపండి. ట్రేసు మెటీరియల్‌కి ఒకే డీకే నంబరు ఇవ్వకుండా జోర్జెవిక్-సర్కార్ మోడల్ (ఫ్రీక్వెన్సీతో డీకే ఎలా మారుతుందో చెప్పేది) వాడండి, లేకపోతే కాజాలిటీ (కారణం కంటే ముందు ఫలితం రాకూడదన్న నియమం) దెబ్బతిని టైమ్ డొమైన్‌లో ఐ డయాగ్రమ్ (బిట్లన్నీ ఒకదాని మీద ఒకటి వేసి సిగ్నల్ నాణ్యత చూపే బొమ్మ) అబద్ధం చెబుతుంది.

ముక్కలు చేస్తే క్రాస్‌టాక్ (పక్క లైను సిగ్నల్ ఇందులోకి ఎక్కడం) లెక్కలోంచి పోతుంది కదా అని మీకు అనుమానం రావాలి. ట్రేసుల మధ్య క్రాస్‌టాక్‌ని టూడీ సాల్వర్ పక్కపక్క పెయిర్లతో కలిపి చేస్తుంది, పోదు. వయాల మధ్యది, ముఖ్యంగా బీజీఏ కిందా కనెక్టర్ కిందా, పోతుంది, అందుకే ఆ రెండు ముక్కల్లో బాధితుడి (క్రాస్‌టాక్ పడే పెయిర్) చుట్టూ ఉన్న దగ్గరి పెయిర్లని కూడా పెట్టాలి. మొత్తం 16 లేన్లు అక్కర్లేదు, ఒక పెయిరూ దాన్ని ఆనుకున్నవీ చాలు.

ఈ పద్ధతి మీద మీ మేనేజర్‌కి నమ్మకం కుదరాలంటే ఒక్కసారి ఇలా చేయండి. ఒకే లేను, వయా నుంచి వయా దాకా రెండంగుళాల ట్రేసుతో, కోయకుండా మొత్తం త్రీడీలో చేయండి, మీ 256 జీబీ దానికి ధారాళంగా సరిపోతుంది. అదే నిర్మాణాన్ని కోసి అతికించి చేయండి. రెండు గ్రాఫులూ ఒకే తెర మీద పెట్టి చూపించండి.

ఇక మెషీన్. ఇప్పుడే కొనొద్దు. కొనాల్సి వస్తే కోర్ల సంఖ్య చూసి మోసపోకండి, డైరెక్ట్ సాల్వర్‌కి (పెద్ద మాత్రికని నేరుగా సాధించే రకానికి) ఒక దశ దాటాక కోర్లు పెంచినా లాభం ఉండదు, మెమరీ బ్యాండ్‌విడ్త్ దగ్గర ఆగిపోతుంది. నేను పనిచేసిన ఒక చోట కొత్త సర్వర్ పాతదానికంటే నెమ్మదిగా ఉందని అందరం తల పట్టుకున్నాం. మూత తీసి చూస్తే ఎనిమిది మెమరీ ఛానెళ్ల ప్రాసెసర్‌కి రెండే పెద్ద ర్యామ్ స్టిక్కులు, ఆరు స్లాట్లు ఖాళీ. అదే మొత్తం ర్యామ్‌ని ఎనిమిది చిన్న స్టిక్కులుగా వేశాక దారిలోకి వచ్చింది. మీ మెషీన్ కూడా ఒకసారి అలా చూసుకోండి, కొత్త మెషీన్ కొనకుండానే వేగం దొరకొచ్చు. హైపర్ థ్రెడింగ్ ఆపేయండి. రన్ మధ్యలో డిస్కు లైటు ఆగకుండా వెలుగుతోందంటే మెమరీ చాలక డిస్కు మీద పడ్డట్టే, అప్పుడు ఇక ఆ రన్ మీద ఆశ పెట్టుకోవద్దు. లైసెన్సు ఉంటే కోర్లన్నీ ఒకే ఫ్రీక్వెన్సీ మీద పెట్టకుండా కొన్ని పాయింట్లని సమాంతరంగా నడపండి, మెమరీ అందినంతవరకు ఇదే ఎక్కువ లాభం. జీపీయూ టైమ్ డొమైన్ సాల్వర్లకి (సిగ్నల్‌ని చిన్న చిన్న సమయపు అడుగుల్లో నడిపించే రకానికి) బాగా పనికొస్తుంది, కానీ అక్కడ టైమ్ స్టెప్‌ని మీ బోర్డులోని అతి చిన్న సెల్లు నిర్ణయిస్తుంది. సెల్లు సైజు అన్ని దిక్కులా సగం చేస్తే పని 16 రెట్లవుతుంది. మళ్లీ ఆ రెండు మైక్రాన్ల సందు దగ్గరికే వచ్చామన్నమాట.

బీజీఏ వయా ముక్కతో మొదలుపెట్టండి. బాక్సుని 6 మి.మీ., 9 మి.మీ. రెండు సైజుల్లో రన్ చేసి ఆ రెండు ఇన్సర్షన్ లాస్ గ్రాఫులూ, వయా చుట్టూ గ్రౌండ్ వయాలు ఎంత దూరంలో ఉన్నాయో కనబడేలా లేఅవుట్ బొమ్మా పెట్టండి. చూసి చెబుతాను.